ముందు బువ్వ, తర్వాత మందు

మొన్న జనగామలో ఒక పెండ్లికి పోయాను. ఫంక్షన్ హాల్లో భోజనాల దగ్గర అందరం పళ్లేలు పట్టుకొని వరుసలో నిలబడ్డాం. వంకాయకూర వడ్డిస్తున్న ఆడపిల్ల చేతుల మీద తెల్లటి పొలుసులు, వేళ్ల కణుపుల దగ్గర ఎర్రబారి పగిలిన చర్మం. నా ముందున్న పెద్దమనిషి అది చూడగానే పళ్లెం టక్కున వెనక్కి లాక్కున్నాడు. "నాకు వంకాయ పడదమ్మా" అని పక్క వరుసలోకి పోయి, అక్కడ అదే వంకాయకూర నిండుగా వేయించుకున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పిల్ల మాత్రం ఇలాంటివి రోజూ చూసేదానిలాగే గరిటె పట్టుకొని నిలబడి ఉంది. "బిడ్డా, నాకు జర ఎక్కువనే వెయ్యి" అన్నాను. వేసింది. నిజానికి వంకాయ పడనిది నాకు. అయినా పళ్లెం ఊడ్చుకొని తిన్నాను.

తింటున్నంతసేపూ మా అత్తమ్మే గుర్తొచ్చింది. ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఉండి ఉంటే ఆ పెద్దమనిషిని ఊరికే వదిలేది కాదు.

అత్తమ్మ అంటే మా బాపుకు అక్క. కొడకండ్ల దగ్గర మా ఊళ్లో, మా వ్యవసాయ బావి ఒడ్డున రెండర్రల పెంకుటింట్లో ఒక్కతే ఉండేది. పొడుగు మనిషి. చీర కొంగు నడుముకు బిగించి మగవాడిలా పెద్ద పెద్ద అంగలు వేసేది. గొంతు ఎంతంటే, బావి దగ్గర నిలబడి పిలిస్తే ఊళ్లో మా ఇంటి అరుగు మీద కూర్చున్న బాపు ఉలిక్కిపడి లేచేవాడు. మోచేతులు, మోకాళ్లు, చేతివేళ్లు, నుదుటి మీద వెంట్రుకలు మొదలయ్యే చోటు, ఇవన్నీ ఆమెకు ఎర్రబడి పొలుసులు కట్టేవి. చలికాలం వస్తే మంటలు పుట్టేవి. ఊళ్లో వాళ్లు దానికి పెట్టిన పేరు పెద్దరోగం, అంటే కుష్ఠు. ఆమె వినకుండా అనేవాళ్లు, వినేటట్టు కూడా అనేవాళ్లు.

ఆమెను మానుకోట వైపు ఇచ్చారు. పెండ్లయిన కొన్నేళ్లకు మోచేతుల మీద మొదటి మచ్చలు వచ్చాయి. మచ్చలు వేళ్లదాకా పాకిన రోజు, ఆమె వండి పెట్టిన అన్నాన్ని భర్త తీసుకుపోయి పశువుల కుడితి గోళెంలో పోశాడు. ఆ తర్వాత మా బాపుకు కబురొచ్చింది, ఎడ్లబండి కట్టుకొని పోయి తీసుకొచ్చాడు. ఊరికి రాకముందే నేరుగా వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోయి చూపించాడు. అక్కడ డాక్టరు ఆమె చేయి తన చేతిలోకి తీసుకొని చూసి, ఇది పెద్దరోగం కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు, పూర్తిగా పోదు గాని జాగ్రత్త పడితే అణిగి ఉంటుంది అని చెప్పాడట. బాపు ఊరంతా తిరిగి ఈ మాట చెప్పాడు. ఊరంతా తలూపింది. ఊరంతా ఆమె ఇంట్లో మంచినీళ్లు ముట్టడం మానేసింది.

మా అమ్మ కూడా అంతే. చెడ్డది కాదు. పండుగనాడు మొదటి పళ్లెం ఆడబిడ్డకే పంపేది. కానీ మా ఇంటి నుంచి బావి దగ్గరికి అన్నం పోయేదే తప్ప, బావి దగ్గరి నుంచి మా ఇంటికి ఒక్క మిరపకాయ కూడా రానిచ్చేది కాదు. "పిల్లలున్న ఇల్లు" అనేది. మేమూ ఆ ఇంట్లో ఏమీ తినకుండానే పెరిగాం.

అత్తమ్మ మాత్రం ఏడుస్తూ కూర్చునే రకం కాదు. తన చర్మంతో తానే తగాదాకు దిగింది. వేపాకు వేసి కాచిన నీళ్లు గోరువెచ్చగా చేసుకొని స్నానం చేసేది. సబ్బు ముట్టదు, పెసరపిండే. ఒంటి తడి ఆరకముందే కొబ్బరినూనె. మంట పుట్టినచోట కలబంద గుజ్జు. ఆకు తెచ్చినా, వేరు తెచ్చినా ముందు తన ఎడమ మోచేతి మీద పూసుకొని చూసేది. అక్కడ మండితే పారేసేది, చల్లబడితే ఉట్టి మీదికి ఎక్కించేది. "నాది పొయ్యేది కాదు. గాని నన్ను గోకిచ్చేటంత బలం దానికియ్య" అనేది.

గోకుడంటే ఆమెకు పరమ ఒళ్లుమంట. దారిన పోయేవాడు పొలం ఒరం గట్టు మీద నిలబడి వీపు గోక్కున్నా బావి దగ్గరి నుంచి కేక వచ్చేది. "గోకకుర్రా! గోకుతె పుండైతది, పుండైతె నా దగ్గరికే వస్తవ్!" ఆ కేక విని వీపు మీది చేయి అక్కడే ఆగిపోయిన మనుషుల్ని నేను చాలామందిని చూశాను. ఏ మందు పెట్టాలన్నా ముందు వచ్చినవాళ్ల గోళ్లు చూసేది. పెరిగి ఉంటే కత్తి తీసి తానే కోసేది. పొక్కుల్ని ఎండలోకి తీసుకుపోయి చూసేది. జ్వరం ఉన్నా, వాపు ఎక్కువైనా, కళ్ల దగ్గర లేచినా చేయి పెట్టేది కాదు. "గిది నాది కాదు. స్టేషన్ ఘన్‌పూర్ పో, దవాఖానల సూపియ్" అని బస్సు వైపు తరిమేది. పోకపోతే తిట్టేది.

ఇంతా చేసి అప్పట్లో ఆమె దగ్గరికి మందుకు వచ్చేవాళ్లు తక్కువ. వచ్చినా గడప బయటే నిలబడి ఆకులో పెట్టించుకొని పోయేవాళ్లు. ఆమె చేతి మందు ఒంటికి పనికొచ్చేది, ఆమె చేతి నీళ్లు గొంతు దిగేవి కావు. ఇదేం న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అరవై తొమ్మిదిలో నేను హనుమకొండలో చదువుతున్నాను. తెలంగాణ ఉద్యమం. కాలేజీలు మూతపడ్డాయి, ఊరేగింపులు, లాఠీలు. ఒకరోజు మా గుంపు మొత్తాన్ని లారీ ఎక్కించి తీసుకుపోయి జైల్లో వేశారు. ఒకరి పక్కన ఒకరం ఇరుక్కొని పడుకునేవాళ్లం. బయటికొచ్చేసరికి నినాదాలకు గొంతు పోయింది, వేళ్ల సందుల్లో, నడుం చుట్టూ గజ్జి లేచింది. ఊళ్లో దండలు వేస్తారని ఊహించుకొని వచ్చాను. మా అమ్మ వాకిట్లోనే ఆపి, నా చేతులు చూసి, గొడ్ల కొట్టంలో మంచం వేసింది. పళ్లెం దూరంగా పెట్టి వెనక్కి జరిగింది. కళ్లనిండా నీళ్లు పెట్టుకొనే జరిగింది, అది వేరే సంగతి. దూరం నుంచి నెట్టిన పళ్లెం ఎట్లా ఉంటుందో ఆ రోజు నాకు తెలిసింది.

తెల్లారి బావి దగ్గరికి పోయాను. అత్తమ్మ నన్ను కింది నుంచి మీదిదాకా చూసింది.

"ఏందిర, తెలంగాణ తెస్తనని పోయి గజ్జి తెచ్చినవా?"

"అత్తమ్మా, పానం పోతాంది. జర మందు పెట్టు."

"పెడ్త. గాని ముందుగాల గీడ కూసొని బువ్వ తినాలె."

ఆ మాట ఆమె అప్పుడే అనుకున్నట్టుంది. గొంతు గట్టి చేసుకొంది.

"నీ చేతుల తీరు సూస్కో. నా చేతుల తీరు సూడు. నీది అంటది, నాది అంటేది కాదు. అయినా నీకు నేను వడ్డిస్త. నా చేతి బువ్వ తిన్నోనికే నా చేతి మందు. ఇగ ఇయ్యాల్టి సంది గిదే."

నాకు ఆ దురదలో భయపడే తీరిక లేదు. గోనెసంచి మీద కూర్చున్నాను. జొన్నగటక, పచ్చిపులుసు. వడ్డించి, ఎదురుగా గోడకు ఆనుకొని నిలబడి, నేను తింటుంటే చూస్తూ ఉండిపోయింది. చివరి ముద్ద అయ్యేదాకా కదలలేదు. పళ్లెం ఖాళీ అయ్యాక మొహం పక్కకు తిప్పుకొని, "ఉప్పెక్కువైందా?" అని అడిగింది. ఆమె గొంతు అంత చిన్నగా వినడం నాకు అదే మొదలు, అదే చివర.

తర్వాత పనిలో దిగింది. వేపాకు నీళ్లతో రుద్దించింది, కుప్పింటాకు పసుపు వేసి నూరి పట్టించింది, అది ఆరి కడిగేశాక కానుగనూనెలో గంధకం కలిపి పూసింది. నా బట్టలు, దుప్పటి, మంచానికి కట్టిన నవారు కూడా కాగులో ఉడకేసింది. "బట్టల ఉంటది అది. ఒంటికి పూసి బట్టలు వదిలేస్తె మళ్ల ఎక్కుతది" అని, నాతోపాటు జైలుకు పోయివచ్చిన మిగతా పోరగాళ్లను కూడా పిలిపించింది. ఉద్యమం చేసిన వీరులం అందరం బావి గడ్డమీద గోచీలతో వరుసగా కూర్చొని, కానుగనూనె వాసనతో ఎండకు కాగాం. ముందు అందరికీ బువ్వ పెట్టింది. జైల్లో ఏది పెడితే అది తిన్న నోళ్లు కదా, ఎవడూ కాదనలేదు.

మాకు తగ్గింది. కబురు పాకింది. చెమటకాయలు, తామర, సెగగడ్డలు, కలుపు తీసినప్పుడు ఏదో ఆకు తగిలి లేచిన దద్దుర్లు, ఇవన్నీ పట్టుకొని మనుషులు రావడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్లకు అదే షరతు. తండా నుంచి కానుగ గింజలు తెచ్చి ఇచ్చే ఒక లంబాడామె ఉండేది. మందుతో పని లేకపోయినా ఆమె పొద్దున్నే వచ్చి, తన రొట్టె తాను తెచ్చుకొని, అత్తమ్మ దగ్గర పప్పు పోయించుకొని తినేది. వాళ్లిద్దరి సోపతి అట్లా కుదిరింది. ఊరివాళ్లు మాత్రం గింజుకున్నారు.

మా ఊరి పటేలుకు మొలతాడు కింద తామర లేచింది. తండ్లాడుతూ వచ్చాడు.

"అక్కా, మందియ్యి. బువ్వంటవా, గియ్యాల ఒక్కపొద్దు."

"మంచిది. రేపు రా."

మర్నాడు వచ్చాడు. "ఇంట్ల తినే వచ్చిన అక్కా, కడుపుల జాగ లేదు."

"ఆకలైనప్పుడు రా. నేనేడికి పోత?"

"ఏందక్కా గీ మొండితనం! మందుకు బువ్వకు ఏం సంబంధం?"

"నా చెయ్యికి నీ ఒంటికి ఉన్న సంబంధమే."

పటేలు కాళ్లు నేలకేసి కొట్టుకుంటూ పోయాడు. ఆ రాత్రి ఆయన పడ్డ యాతన ఆయన భార్య తర్వాత ఊరంతా చెప్పింది. మరుసటి మధ్యాహ్నం వచ్చి, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, కూర్చున్నాడు. కళ్లు మూసుకొని ఒక్క బుక్క మింగి చేయి చాపాడు.

"బుక్క కాదు పటేలా. పళ్లెం."

పళ్లెం సగమయ్యాక ఆయన కళ్లు తెరిచాడు. "తొక్కుందా అక్కా?" అని అడిగాడు. అత్తమ్మ మామిడి తొక్కు తెచ్చి వేసింది. రేల ఆకు నూరి ఇచ్చి, "గోకితె నీ చెయ్యి ఇరుగ్గొడ్త" అని పంపించింది. అప్పటి నుంచి పటేలు ఒంటికేమీ లేకపోయినా తొక్కు కోసం వస్తాడని ఊళ్లో నవ్వుకునేవాళ్లు.

మా అమ్మ ఒక్కతే లొంగలేదు. ఆమెకు వేసవి వచ్చిందంటే మెడ చుట్టూ చెమటకాయలు పొక్కి ఎర్రగా మండేవి. నన్ను పంపేది. నేను బావి దగ్గరికి పోయి కూర్చుంటే అత్తమ్మ పళ్లెంలో రెండింతల అన్నం పెట్టేది.

"గింతెందుకు అత్తమ్మా?"

"మీ అమ్మ వంతు సుత నువ్వే తిను. గుల ఆమెకు, బువ్వ నీకు. మంచిగనే ఉన్నది మీ సంసారం."

నవ్వుతూనే అనేది. గంధం చెక్క, పెసరపిండి, ఏవి ఎట్లా కలపాలో చెప్పి ఇచ్చేది. నేను పోతుంటే మాత్రం, "మీ అమ్మ ఏం అనలే?" అని అడిగేది. ఏమీ అనలేదని చెప్పేవాణ్ని. ఊరంతా తిన్నా ఆమెకు ఆ ఒక్క పళ్లెం వెలితిగానే ఉండేదని నాకు తెలుసు. ఏం చేయను? మా అమ్మను చెయ్యిపట్టి లాక్కురాలేను కదా.

ఆ తర్వాత నాకు భూపాలపల్లి దగ్గర బడిలో ఉద్యోగం వచ్చింది. సెలవులకే ఊరికి వచ్చేవాణ్ని. ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం, నేను, తండా లంబాడామె ఇద్దరం బావి దగ్గర తినడానికి కూర్చోబోతుండగా, మొహం మీద తువ్వాల కప్పుకొని ఒక ముసలాయన వచ్చాడు. తొర్రూరు బస్సు దిగి నడిచి వచ్చాడట. తువ్వాల తీశాడు. చేతులు మోచేతులదాకా బొబ్బలెక్కి రసి కారుతున్నాయి. ఒక చెంప ఉబ్బింది. నాకు ఆయనెవరో తెలియలేదు. అత్తమ్మకు తెలిసింది. చేతిలోని గరిటె కింద పెట్టింది.

"ఎండలకు రా" అంది.

ఆయన వచ్చి చేతులు చాపాడు. ఆమె పట్టుకొని తిప్పి చూసింది.

"జీడా?"

"ఔ."

"మోకాలుకా?"

"ఔ. నొప్పికి మంచిదన్నరు."

చాకలివాళ్లు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి గింజ ఉంటుంది కదా, మా దిక్కు మోకాళ్ల నొప్పులకు దాన్ని కాల్చి ఆ చమురు రుద్దుకునే పిచ్చి ఒకటి ఉండేది. పడనివాళ్లకు ఒళ్లంతా కాలినట్టు బొబ్బలెక్కుతుంది. ఈయన రుద్దుకున్న చేత్తోనే చెంప తుడుచుకున్నాడు.

"ఇంట్ల సుత దగ్గరికి రానిస్తలేరు. కోడలు పళ్లెం గడప బయట పెడ్తాంది" అన్నాడు. ఆ మాట అన్నాక అత్తమ్మ మొహం చూడలేక తల వంచుకున్నాడు. అప్పుడు నాకు అర్థమైంది, ఈయన అత్తమ్మ మొగుడు.

ఆమె చల్లటి నీళ్లు ధారగా పోసి కడిగింది. నల్ల నువ్వులు వెన్నతో మెత్తగా నూరి, బొబ్బ చితకకుండా, పసిపిల్లకు పూసినంత నెమ్మదిగా పూసింది. ఎక్కడా తొందరపడలేదు. "జ్వరమొస్తె, కండ్లకెక్కుతె నా దగ్గరికి రావద్దు. సక్కగ దవాఖానకు పో" అని చెప్పింది. మిగిలిన ముద్ద ఆకులో కట్టి పక్కన పెట్టింది.

ఆయన లేచి కాళ్లు కడుక్కొని వచ్చి, మా పక్కన గోనెసంచి మీద కూర్చున్నాడు. అత్తమ్మ నాకు వడ్డించింది, తండా ఆమెకు వడ్డించింది. ఆయన ముందు పళ్లెం పెట్టలేదు.

"నాకు వెట్టవా?" అన్నాడు.

"నీకు మందు వెట్టిన గద."

"బువ్వ తినందే మందియ్యవని మా దాక చెప్పుకుంటున్నరు. తింటనే. తినేటందుకే కూసున్న."

అత్తమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. గొంతు పెంచలేదు.

"ఊరోళ్లు తినాలని నాకుండె. గందుకే వాళ్లకు షరతు పెట్టిన. నువ్వు తినాలని సుత ఉండె, ఒకప్పుడు. నువ్వు నా బువ్వ కుడితి గోళెంల పోసిననాడు నేను ఆడనే నిలవడి సూసిన. బర్రె తిన్నది. నువ్వు తినలే."

"గప్పుడు మా అమ్మ మాట..."

"గోళెంల పోసింది మీ అమ్మ చెయ్యి కాదు." ఆకు పొట్లం ఆయన పక్కన పెట్టింది. "గిప్పుడు నువ్వు తింటె నాకేంది, తినకుంటె నాకేంది? నీకు షరతు లేదు. లే, బస్సు పోతది. నయమయ్యేదాక రా. మందు నూరి పెడ్త. రానియ్యననుకోకు."

ఆయన లేచి, పొట్లం తీసుకొని, తువ్వాల కప్పుకొని పోయాడు. మేము పళ్లేలు ముందు పెట్టుకొని ఆయన పోయిన వైపే చూస్తున్నాం. అత్తమ్మ మా వైపు తిరిగింది.

"ఏంది సూస్తున్నరు? తినుండ్రి. సల్లారుతాంది."

ఆయనకు నయమయ్యేదాకా వచ్చి మందు తీసుకుపోయాడని తండా ఆమె తర్వాత చెప్పింది. ప్రతిసారీ నువ్వులు అంతే మెత్తగా నూరి ఇచ్చిందట. ఆయన మళ్లీ కూర్చోలేదట.

ఆ రోజు తర్వాత అత్తమ్మ ఎవరికీ షరతు పెట్టలేదు. ఎందుకు మానేశావని తండా ఆమె అడిగితే, "ఇగ చాలు. ఎవ్వలకు చాటి చెప్పాలె?" అన్నది. వచ్చినవాళ్లు మాత్రం అలవాటు కొద్దీ కాళ్లు కడుక్కొని గోనెసంచి మీద కూర్చునేవాళ్లు. పెట్టేదాకా లేచేవాళ్లు కాదు.

నేను ఈ సంగతంతా ఇంట్లో చెప్పాను. మా అమ్మ బియ్యం ఏరుతూ విన్నది.

సెలవులు అయిపోవస్తుండగా ఒక మధ్యాహ్నం నేను బావి దగ్గర ఉన్నాను. మా అమ్మ గట్టు మీద నడిచి వస్తూ కనిపించింది. నేను పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఆమె ఆ ఇంటి గడప దాటగా చూడలేదు. వచ్చింది, గడప దాటింది, గోనెసంచి మీద కూర్చుంది.

"వదినె, ఏం కూర వండినవ్?"

అత్తమ్మ పొయ్యి దగ్గరి నుంచి తలెత్తింది. "పుంటికూర పప్పు. ఏందే, మళ్ల చెమటకాయలు లేసినయా?"

"ఏం లేవలే. ఒళ్లు మంచిగనే ఉన్నది."

"మరేం గావాలె?"

"ఆకలైంది."

"ఇంట్ల వండలేదా?"

"వండిన."

అత్తమ్మ లేచి వచ్చి మా అమ్మ ఎదురుగా కూర్చుంది.

"ముందుగాల గోళ్లు సూపియ్" అంది.

మా అమ్మ రెండు చేతులూ చాపింది. అత్తమ్మ వాటిని తన పొలుసుల చేతుల్లోకి తీసుకొని, అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. గోళ్లు చూడటానికి అంతసేపు పట్టదు. అయినా చూస్తూనే ఉంది. మా అమ్మ చేతులు వెనక్కి తీసుకోలేదు.